ఆయాసానికి ఇంగ్లీషు మాట

నా ఇంగ్లీషు సి అక్షరంతో మొదలవుతుంది. నేను కొన్న నిఘంటువుకు ముందు అట్ట లేదు. ఏ, బి అక్షరాల పేజీలను ఏ అంగడివాడు బెల్లం పొట్లాలకు చింపుకున్నాడో తెలియదు. కర్నూలు పాత ఊర్లో పగిలిన లాంతర్లు, తుప్పు పట్టిన తాళాలు అమ్మే ఒక ముసలాయన దగ్గర అది దొరికింది. ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థాలు చెప్పే పుస్తకం. ఒళ్ళో పెట్టుకుంటే తొడలు తిమ్మిరెక్కేంత బరువు. "మొదలు లేనిది ఏం చేసుకుంటావప్పా?" అన్నాడాయన. మిగిలింది చాలన్నాను. అప్పుడు నేను ఫోర్తు ఫారంలో ఉన్నాను.

అది కొనడానికి కారణం మా ఇంగ్లీషు అయ్యవారు. మా ఊరి గురించి వ్యాసం రాయమంటే నేను నది మంచిది, కోట మంచిది, మా నాయన మంచివాడు, ఎండ మాత్రం మంచిది కాదు అని రాశాను. అన్నింటికీ గుడ్డే. ఆయన ప్రతి గుడ్‌కూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, తరగతి మొత్తం వినేటట్టు చదివాడు. "వీని దగ్గర ఉండేది ఒకటే గుడ్డ. దాన్నే ఉతికి ఉతికి కట్టుకుంటాండాడు" అన్నాడు. మాది దూది ఏకే ఇల్లు కాబట్టి గుడ్డ అన్నమాటకు పిల్లలు ఇంకా ఎక్కువ నవ్వారు. నాకు ఏడుపు రాలేదు, రోషం వచ్చింది. ఈ ఊర్లో ఎవరికీ రాని మాటలు నేర్చుకోకపోతే నా పేరు మార్చుకుంటానని ఇంటికొచ్చి మా అక్కతో అన్నాను.

మా అక్క నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. నా చిన్నప్పుడే అమ్మ పోతే నాకు అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది, తప్పు చేస్తే నాలుగు తగిలించింది అంతా అక్కే. ఆమెను ఆత్మకూరు దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. మా బావ జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. నేను నిఘంటువు కొన్న ఏడాదే ఆమె మళ్ళీ మా ఇంటికి వచ్చింది. నాయన ముందు వసారాలో విల్లుతో దూది ఏకేవాడు. అక్క వెనక గదిలో ఆ దూదిని పరుపుల్లో కూరి కుట్టేది. మా ఇంట్లో ఎప్పుడూ దూది నలక ఎగురుతూ ఉండేది. అన్నంలో పడేది, కనురెప్పల మీద వాలేది. అది మాకు ఒక విషయంగా కూడా తోచేది కాదు.

రోజుకు పది మాటలని లెక్క పెట్టుకున్నాను. బడి నుంచి వచ్చి, అక్క పరుపు కుట్టే చోట కూర్చుని గట్టిగా చదివేవాణ్ణి. ఆమెకు తెలుగు అక్షరాలే రావు. అయినా నాకు పరీక్ష పెట్టేది ఆమే.

"ఏమప్పా, ఇయ్యాల ఏం మాటలు తెచ్చినావు?"

నేను ఇంగ్లీషు మాట చెప్పేవాణ్ణి. "అంటే?" అనేది. నేను నిఘంటువులో ఉన్న తెలుగు అర్థం చదివేవాణ్ణి. "అది పుస్తకంలోది. మనిండ్లల్లో ఏమంటాం దాన్ని?" అనేది. అది చెప్పేవరకు వదిలేది కాదు. చెప్పలేకపోతే ఆ మాట నాకు రానట్టే లెక్క. మళ్ళీ రేపు మొదటికొచ్చేది. కార్పులెంట్ అంటే స్థూలకాయము అని నేను చదివితే, "మన కటిక అంగడాయప్ప మాదిరి" అని ఆమె తేల్చేది. ఇక ఆ మాట నేను చచ్చినా మరిచిపోను. మా బర్రె పాలు పిండనీయకుండా తన్నిన రోజు, "ఆబ్స్టినేట్ అంటే మొండిది అంటివే, అది ఈ బర్రే గదా" అంది. వాగుడుకాయ అయిన మా పక్కింటామెకు లొక్వేషస్ అని పేరు పెట్టాం. అక్క నోట్లో అది లక్కేసు అయింది. ఆమె వాకిట్లోకి రాగానే "లక్కేసు వస్తాండాది" అని అక్క గొణిగేది. నేను నవ్వు ఆపుకోలేక దొడ్లోకి పరుగెత్తేవాణ్ణి.

నేను ఇంగ్లీషు నేర్చుకున్నానని చెప్పుకోదగ్గ కాలం అదొక్కటే. తర్వాత చేసింది పోగు చేయడం.

స్కూలు ఫైనలు ప్యాసై, టీచర్ ట్రైనింగు అయ్యి, మా ఊరి బళ్ళోనే అయ్యవారి పని దొరికాక నాకు కళ్ళు నెత్తికెక్కాయి. అర్జీలు రాయించుకోవడానికి పల్లెల నుంచి మనుషులు మా వసారాకు వచ్చేవాళ్ళు. "మా చేనికి నీళ్ళు రావడం లేదు" అని ఒకాయన చెబితే, దాన్ని కలెక్టరు కూడా నిఘంటువు తెరిచి చూసుకోవాలన్నట్టు రాసేవాణ్ణి. చదివి వినిపిస్తే వాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కానందుకే ఇంకా గౌరవంగా చూసేవాళ్ళు. అక్క అప్పటికీ అడిగేది, ఇయ్యాల ఏం మాటలని. నేను ఇంగ్లీషు మాట చెప్పి ఊరుకునేవాణ్ణి. "అంటే?" అంటే, "దానికి తెలుగులో మాట లేదులే అక్కా" అనేవాణ్ణి.

"మాట లేకుండా యాడుంటాది? నువ్వు ఎతకల్ల గానీ" అనేది.

నేను వెతకలేదు. పేజీలు తిప్పడం తీరిక పనిగా, ఆమె ప్రశ్నలు చిన్నపిల్లల ఆటగా కనిపించసాగాయి. కొన్నాళ్ళకు ఆమె అడగడం మానేసింది. మానేసిందని కూడా నేను గమనించలేదు.

యుద్ధం వచ్చి కిరసనాయిలు దొరకని రోజుల్లో అక్కకు ఒంట్లో బాగుండటం లేదని నాయన అన్నాడు. ఆమె బావి నుంచి కడవ తెచ్చి గడప దగ్గరే దించి, అక్కడే కూర్చుండిపోతోంది. పరుపు కుట్టేటప్పుడు మధ్యలో సూది ఆపి గోడకు ఆనుకుంటోంది. నాటు మందులు మింగింది, తాయెత్తు కట్టించుకుంది. తగ్గలేదు. ఊరి బయట దొరసానుల ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మ ఇంగ్లండు సీమ నుంచి వచ్చిందని, చెయ్యి మంచిదని అందరూ చెప్పుకుంటున్నారు. నేను సెలవు పెట్టి, జట్కా మాట్లాడి అక్కను తీసుకుపోయాను. నిజం చెప్పాలంటే అక్కకు చూపించాలని ఎంత ఉందో, ఒక దొరసానితో ఇంగ్లీషు మాట్లాడాలని కూడా అంతే ఉంది. ఉతికిన కోటు వేసుకుని పోయాను.

వరండాలో బండల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. మా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. డాక్టరమ్మకు ఇంకా తెలుగు రాదు. పక్కన మన తెలుగు నర్సమ్మ నిలబడి రోగులు చెప్పేది చిన్నచిన్న ఇంగ్లీషు ముక్కల్లో ఆమెకు చెబుతోంది. మేం లోపలికి పోగానే నర్సమ్మ అక్క వైపు వంగి, "ఏమవుతాందమ్మా?" అని అడిగింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "మీరుండండి, నేను ఇంగ్లీషులో చెబుతాను" అన్నాను. నర్సమ్మ నన్ను, నా కోటును ఒకసారి చూసి వెనక్కి జరిగింది.

అక్క నాకు చెప్పింది, నేను డాక్టరమ్మకు చెప్పాలని. "ఆయాసంగా ఉండాదప్పా. నాలుగడుగులు ఏస్తే ఆయాసం. గుండెలో శానా బరువుగా ఉంటాది. పండుకోలేకుండా ఉండా, లేసి గోడకానుకొని కూచుంటా."

ఇంతే చెప్పింది. ఇంతకన్నా తేటగా ఎవరూ చెప్పలేరు.

నాకు మాత్రం నిఘంటువు పేజీ కళ్ళకు కట్టింది. కుడివైపు వరుసలో, పై నుంచి మూడో మాట. లాసిట్యూడ్ అంటే ఆయాసము, బడలిక, అలసట. పుస్తకాల తెలుగులో ఆయాసమంటే అలసట. మా ఇండ్లల్లో ఆయాసమంటే ఊపిరి అందకపోవడం. ఈ తేడా నాకు తెలియనిదా? మా వీధిలో ప్రతి ముసలమ్మ నోట్లో ఉండే మాట అది. కానీ ఆ నిమిషంలో నేను అక్క మొహం చూడటం లేదు, డాక్టరమ్మ మొహం చూస్తున్నాను. లాసిట్యూడ్ అన్నాను. గుండె బరువుకు డెస్పాండెన్సీ అన్నాను, నిరాశ, దిగులు అని అర్థం వచ్చే మాట. పండుకోలేకపోవడానికి ఇన్సామ్నియా అన్నాను, నిద్ర పట్టకపోవడమని. మూడూ ఒకే వాక్యంలో, మధ్యలో తడుముకోకుండా అన్నాను.

డాక్టరమ్మ చెయ్యి అప్పటికే మెడలో వేలాడుతున్న గొట్టం మీదికి పోయింది. నా వాక్యం విని ఆ చెయ్యి ఆగింది. ఆమె నా వైపు ఆశ్చర్యంగా చూసింది. ఇంత చక్కటి ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది. నేను తల వంచుకుని, సొంతంగా నేర్చుకున్నానన్నాను. ఈమెకు భర్త ఉన్నాడా అని అడిగింది. పోయాడన్నాను. పిల్లలు? లేరన్నాను. ఆమె జాలిగా తల ఊపి, గొట్టం వదిలేసి కలం అందుకుంది. అక్క కనురెప్ప కిందికి లాగి చూసింది, నాలుక చూసింది. రక్తం తక్కువగా ఉందని, బలానికి సీసాలో మందు ఇస్తానని, మనసులో దిగులు పోవడమే అసలు మందని చెప్పింది. ఇంట్లో ఊరికే కూర్చోనీయవద్దు, సాయంకాలం నడిపించండి అంది. చీటీ మీద నా మూడు మాటలూ రాసుకుంది. ఆమె రాత అందంగా ఉంది. నా మాటలు ఒక దొరసాని చేతి రాతలో చూసి మురిసిపోయాను.

నర్సమ్మ ఏదో అనబోయి ఆగిపోయింది. నేను చూశాను.

జట్కాలో అక్క అడిగింది. "ఏమనె ఆయమ్మ?"

"నా ఇంగ్లీషు శానా బాగుందనె" అన్నాను. మొదట నా నోట్లోంచి వచ్చింది అదే. ఆమె జబ్బు సంగతి ఆ తర్వాత చెప్పాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, దారి పొడుగునా నవ్వు మొహంతోనే ఉంది. ఇంటికి పోగానే లక్కేసును పిలిచి, మా తమ్ముడు దొరసానితో గడగడా మాట్లాడినాడని చెప్పింది. చెప్పేటప్పుడు రెండు సార్లు ఆగి ఊపిరి తీసుకుంది.

చాలా ఏళ్ళు నేను ఒక సాకు చెప్పుకునేవాణ్ణి. నా నిఘంటువులో ఏ, బి పేజీలు లేవు కదా, బ్రెత్ అనే మాట బి లోది, ఉబ్బసానికి డాక్టర్లు వాడే మాట ఏ లోది, నేనేం చేస్తాను అని. నవ్వులాటగా ఒకరిద్దరు స్నేహితులతో కూడా అన్నాను. అదంతా వట్టిది. బ్రెత్ అనే మాట నాకు ఫస్టు ఫారంలోనే వచ్చు. "షి కెనాట్ బ్రీద్" అని నా దగ్గర చదివే పదేళ్ళ పిల్లలు కూడా చెబుతారు. అది చిన్న మాటని, నా స్థాయికి తక్కువని చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు రాయడానికి కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత చేసింది ఇంకా ఘోరం. నేను చెప్పిన మాటను నేనే నమ్మాను. అక్క పని ఆపి గోడకు ఆనుకుంటే, ఇదివరకు అలసిపోయిందని అనుకునేవాణ్ణి. ఇప్పుడు దిగులు పడుతోందని అనుకున్నాను. పొద్దున ఆమె మంచం మీద కూర్చుని ఉంటే, బావను తలుచుకుని నిద్రపోలేదని తీర్మానించాను. "మనసు గట్టి చేసుకో అక్కా" అని చెప్పేవాణ్ణి.

ఆమె వింతగా చూసేది. "నాకేం దిగులప్పా? ఆయప్ప పోయి ఎనిమిదేండ్లాయె. నాకు ఆయాసం గానీ దిగులు లేదు."

రోగికి తన రోగం తెలియదని నేను లోలోపల నవ్వుకున్నాను.

ప్రతి సాయంత్రం బడి వదలగానే ఆమెను కాలువ గట్టు మీద నడిపించేవాణ్ణి. నాయన వద్దన్నాడు. డాక్టరమ్మ చెప్పిందని కసిరాను. వంద అడుగులకు ఆమె ఆగేది. నడుము మీద చేతులు పెట్టుకుని, నోరు తెరిచి నిలబడేది. "ఇంక చాలప్పా" అనేది. "ఆ తుమ్మచెట్టు దాకా పోదాం, మనసు తేలికపడుతుంది" అనేవాణ్ణి. ఆమె వచ్చేది. నా మాట కాదనడం ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు. ఒకసారి తుమ్మచెట్టు దగ్గర కూలబడి, నా మోకాలు పట్టుకుని చాలాసేపు లేవలేదు. ఆమె వీపు ఎగిరెగిరి పడటం నేను చూశాను. చూసి, కావాలని వేరే సంగతులు మాట్లాడాను, ఆమె ధ్యాస మళ్ళించాలని. ఆ చెట్టు దాకా ఆమెను నడిపించిన ప్రతి అడుగుకూ నేను బాధపడుతున్నాను. బాధపడి ఏం ప్రయోజనమో నాకు తెలియదు.

సీసా అయిపోతే మళ్ళీ తెచ్చేవాణ్ణి. చీటీ చూపిస్తే కిటికీ దగ్గరే ఇచ్చేవాళ్ళు. అక్కను మళ్ళీ తీసుకుపోవలసిన పని పడలేదు. అలా ఏడాది గడిచింది.

వానలు మొదలైన నెలలో ఒక ఉదయం అక్క దూది మూట ఎత్తబోయి పడిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. కాళ్ళు పొంగి, వేలు పెడితే గుంట పడుతున్నాయి. ఆ పొంగు ఎన్నాళ్ళ నుంచి ఉందో, చీరకుచ్చెళ్ళు దించుకుని ఎంతకాలం దాచిందో తెలియదు. నాయనా నేనూ ఆమెను అదే ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఈసారి నేను మాట్లాడవలసిన అవసరం లేకపోయింది. డాక్టరమ్మ స్టూలు లాక్కుని, అక్క మొహానికి మొహం పెట్టి, వచ్చీరాని తెలుగులో తానే అడిగింది.

"ఏమి బాధ, అమ్మా?"

"ఆయాసం, తల్లీ" అంది అక్క.

డాక్టరమ్మకు అర్థమైంది. వెంటనే గొట్టం తీసి అక్క వీపు మీద, గుండె మీద పెట్టి ఎంతసేపు విన్నదో. "పండుకుంటే?" అని అడిగింది. "ఊపిరాడదు తల్లీ" అంది అక్క. నర్సమ్మ నా దగ్గరున్న పాత చీటీ తీసుకుని ఆమెకు ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని చదివింది. మళ్ళీ చదివింది. నన్ను వరండాలోకి పిలిచి ఇంగ్లీషులో, మెల్లగా అడిగింది.

"ఆ రోజు ఈమె మీతో ఏ మాట అన్నది?"

"ఆయాసం" అన్నాను.

ఆమె చీటీని మడిచింది. ఈ ఊరికి వచ్చాక తాను నేర్చుకున్న మొదటి పది మాటల్లో అదొకటని చెప్పింది. గుండె బాగా పెరిగిపోయిందని, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, ఏడాది కింద తాను విని ఉంటే చేయగలిగింది కొంత ఉండేదని చెప్పింది. తప్పు నాదని అనలేదు. తాను కూడా ఆ రోజు గొట్టం పెట్టి వినవలసిందని, నా మాటలు విని ఆగిపోయింది తానేనని అంది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

అక్క ఆ వార్డులో రెండు వారాలు ఉంది. దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టేవాళ్ళు. సూదులు వేశారు, కాళ్ళ పొంగు కాస్త తగ్గింది. ఆమె మాట్లాడగలిగిన ఒక మధ్యాహ్నం నాయన నమాజుకు పోయాడు, మంచం దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని, ఒక్కో మాటకూ ఆగుతూ అడిగింది.

"పోయిన యేడు వచ్చినప్పుడే ఆయాసమని చెప్పినా గదప్పా. నువ్వు ఆయమ్మకు చెప్పినావు గదా?"

నిజం చెప్పాలని నోరు తెరిచాను. ఇప్పుడు ఆమెకు అది చెబితే ఏం మేలని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆమె కోసం దాచానని తర్వాత కూడా అనుకుంటూ వచ్చాను. అది నా కోసమే.

"చెప్పినా అక్కా" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత నా చెయ్యి నిమిరింది, నన్ను ఓదార్చాలన్నట్టు.

"పోనీలే. ఆయమ్మను ఏమీ అనొద్దు, పాపం. అప్పుడు కొత్త గదా. నీయంత ఇంగ్లీషు వచ్చిండదు."

నేను అవునన్నాను.